వెనక బండి లైటు

దయ్యాలను నమ్మనంటూ మొదలుపెట్టి చివరికి దయ్యం కథ చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఇప్పుడు నేనే ఆ వరసలో నిలబడాల్సి వచ్చింది కాబట్టి ముందు నా సంగతి చెప్పుకుంటాను. నేను వాహన బీమా సర్వేయర్ని. ప్రమాదం జరిగిన బండిని చూసి, దాని యజమాని చెప్పే కథ విని, ఆ రెండూ ఎక్కడ పొసగడం లేదో పట్టుకోవడం నా పని. ప్రొద్దుటూరు, కడప, నంద్యాల చుట్టుపక్కల ఇరవై ఏళ్ళుగా ఈ పని మీదే బతుకుతున్నాను.

తెల్లచీర కట్టిన ఆడమనిషి లారీకి అడ్డం వచ్చిందని నాకు చెప్పిన డ్రైవర్లు చాలామంది ఉన్నారు. విచారిస్తే ప్రతిసారీ తేలింది నిద్ర, లేకపోతే సీసా. ఒకాయన అయితే ఆమె పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయని కూడా చెప్పాడు. అంత వేగంలో పోతూ పాదాలు ఎటు తిరిగున్నాయో ఎట్లా చూశావయ్యా అంటే నీళ్ళు నమిలాడు.

మా ఇంట్లో కూడా ఈ గోల తక్కువే. మేము ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముసల్మానులం. మా అమ్మ పీర్లకు చక్కెర చదివించుకొస్తుంది. నేను ఆ చక్కెర తింటాను. నా భక్తి అంతవరకే.

ఐదారేళ్ళ కిందట నాకు కొండబాటల్లో బండి తోలే పిచ్చి పట్టింది. అడ్వెంచర్ బైకులని అంటారు. ఎత్తుగా, బరువుగా ఉంటాయి, పడితే ఒక్కడు లేపలేడు. మా ఆవిడ నా బండిని దున్నపోతు అంటుంది. రోడ్డు ఉండగా రాళ్ళల్లో పడి పోవడం ఏం సరదా అని చాలామంది అడిగారు. వారమంతా నుజ్జయిన బండ్లు చూసి, అబద్ధాలు విని వచ్చేవాడికి, మనిషి జాడలేని బాటలో నాలుగు గంటలు ఎవరి మాటా వినబడకుండా ఉండటమే సరదా.

మేము ముగ్గురం. ముందు నడిపించేది ఓబులేసు. బేతంచెర్లలో నాపరాళ్ళకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది అతనికి. రాయి కోసం చిన్నప్పటినుంచి ఎర్రమల కొండలన్నీ తిరిగినవాడు. మధ్యలో నేను. చివర వీరేష్. ఆలూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. మాలో చిన్నవాడు, మెత్తనివాడు. నన్ను మౌలాలన్నా అని పిలుస్తాడు.

వీరేష్ భార్య సరోజకు ఈ తిరుగుళ్ళు అస్సలు ఇష్టం లేదు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు వాళ్ళకు. మొదటిసారి వాళ్ళింటికి భోజనానికి పోయినప్పుడు ఆమె అన్నం వడ్డిస్తూనే నాతో మాట తీసుకుంది.

"నువ్వు ఎనక్కి తిరిగి చూసుకుంటాంటావంటేనే పంపిస్తాన్నా. లేకుంటే లేదు."

చూసుకుంటానమ్మా అన్నాను. నోట్లో ముద్ద పెట్టుకుని ఎవరైనా అదే అంటారు. కానీ నేను ఆ మాట నిలబెట్టుకుంటూనే వచ్చాను. దానికి మాకొక పద్ధతి ఉండేది.

ఆ పద్ధతి ఎందుకు వచ్చిందంటే దుమ్ము వల్ల. మా ఎండు కొండల్లో పాత నాపరాయి గనుల బాటలు ఉంటాయి. ఒకప్పుడు ఎడ్లబండ్లు, తర్వాత ట్రాక్టర్లు రాళ్ళు మోసి మోసి ఆ బాటల్లో సున్నం లాంటి మెత్తటి దుమ్ము అడుగు లోతున పడి ఉంటుంది. ముందు బండి పోయాక ఆ దుమ్ము కూర్చునేదాకా వెనకవాడికి దారి కనబడదు. అందుకని ఎవరికి వాళ్ళం ఎడంగా పోతాం. కొండల్లో మాట్లాడుకునే హెల్మెట్ ఫోన్లు కొన్నాం గానీ మలుపు తిరిగితే అవి పనిచెయ్యవు.

గని బాటలకు చీలికలు ఎక్కువ. తప్పు చీలికలో పడ్డామా, నేరుగా గని గుంత అంచుకు తేలతాం. కాబట్టి చీలిక వచ్చిన ప్రతిచోటా ముందువాడు ఆగాలి. వెనక బండి లైటు అద్దంలో కనబడాలి. ముందువాడు ఎడమ చెయ్యి పైకెత్తాలి. వెనకవాడు లైటు రెండుసార్లు మిణికించాలి. నిన్ను చూశాను, నేను బాగానే ఉన్నాను, నువ్వు పో అని దానర్థం. అప్పుడే ముందువాడు కదలాలి. ఇప్పటి బండ్లకు లైటు ఆర్పే స్విచ్చే ఉండదు, ఇంజను తిరుగుతుంటే పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి మా పద్ధతి ఎప్పుడూ తప్పలేదు.

వీరేష్ లైటును నేను ఎంత దూరంలోనైనా గుర్తుపడతాను. అసలు లైటుకు రెండు పక్కలా రెండు చిన్న లైట్లు అదనంగా బిగించుకున్నాడు. ఒకసారి పడినప్పుడు ఎడమది పగిలింది. దానికి జత దొరక్క పసుపుది వేయించుకున్నాడు. కుడివైపు తెలుపు, ఎడమవైపు పసుపు. పెళ్ళికి బ్యాండువాళ్ళ బండిలా ఉందని ఓబులేసు ఎప్పుడూ ఏడిపించేవాడు.

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. శివరాత్రి పోయాక ఒక ఆదివారం. పొద్దున్నే ఎర్రగుంట్లలో కలుసుకుని, జమ్మలమడుగు మీదుగా కొలిమిగుండ్ల దాటి కొండెక్కాం. అవతల అవుకు వైపు దిగి, మధ్యాహ్నానికి ఒక పల్లెలో టీ తాగి, తారు రోడ్డున ఇళ్ళకు చేరాలని అనుకున్నాం. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. కడుపునిండా తిన్నాం. నేను నీళ్ళు బాగానే తాగుతున్నాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందుకుపోతే తెలుస్తుంది.

కొండ నడిమికి వచ్చాక బాట ఎండిపోయిన ఒక వాగువంకలోకి దిగుతుంది. దిగుడంతా విరిగిన నాపరాయి పలకలు, ఒక్కటీ కుదురుగా ఉండదు. ఎడమచేతి పక్క వంక ఒడ్డు తెగిపోయి నిలువు లోతు. వంక దాటి అవతల ఒడ్డు ఎక్కితే పైన ఒక మలుపు. ఆ మలుపు తిరిగాక కొంచెం దూరం చదునుగా పోతే మొదటి చీలిక వస్తుంది.

నేను వంక దిగుతున్నప్పుడు ముందు చక్రం రెండుసార్లు పక్కకు లాగింది. బండి మీద నిలబడి, బ్రేకు జోలికి పోకుండా దించుకున్నాను. వీరేష్ ఇక్కడ జాగ్రత్తగా దిగాలే అనుకున్నాను. అవతల ఒడ్డెక్కి, మలుపు తిరిగి, చీలిక దగ్గర ఆగాను. పాతకాలం కూలీల గుడిసె తాలూకు రాతిగోడ ఒకటి ఉంది అక్కడ. ఓబులేసు అప్పటికే నా లైటు చూసుకుని, చెయ్యెత్తి, కుడివైపు పోయాడు.

అక్కడ మామూలుకంటే ఎక్కువసేపే ఆగాల్సి వచ్చింది. తిరిగి పోదామా అనుకుంటుండగా నా వెనక మలుపులో లైటు కనబడింది. తెలుపు, పసుపు. అద్దంలో చూశాను, తల తిప్పి కూడా చూశాను. ప్రాణం కుదుటపడింది. చెయ్యెత్తాను. లైటు రెండుసార్లు మిణికింది. నేను బండి కదిలించాను.

రెండో చీలిక దగ్గర తుప్పు పట్టిన పాత కంప్రెసర్ ఒకటి పడి ఉంది. అక్కడ ఎక్కువసేపు ఆగనక్కర లేకపోయింది. లైటు కాస్త దూరంలోనే ఆగింది. చెయ్యెత్తాను, రెండుసార్లు మిణికింది.

మూడో చీలిక రెండు గుట్టల సందులో ఉంది. ఎండ నడినెత్తికి వచ్చింది, హెల్మెట్లో చెమట కళ్ళల్లోకి దిగుతోంది. లైటు సందు మొదట్లో కనబడి అక్కడే నిలబడిపోయింది. ఆ లైటు చుట్టూ దుమ్ము లేకపోవడం నేను గమనించాను. గాలి అటునుంచి ఇటు కొడుతోందేమో, లేదంటే మెల్లగా వస్తున్నాడేమో అనుకున్నాను. చెయ్యెత్తాను. రెండుసార్లు మిణికింది. దాని తర్వాత చీలికలు లేవు, ఒకటే బాట నేరుగా పల్లెలోకి దిగుతుంది.

పల్లెలో టీ అంగడి ముందు ఓబులేసు అప్పటికే బూట్లు విప్పుకుని కూర్చున్నాడు. నేను కూర్చున్నాను. టీ తాగాం, బొరుగులు తిన్నాం, ఇంకో టీ తాగాం. వీరేష్ రాలేదు.

"యాడ విడిచిపెట్టొస్తివప్పా వాణ్ణి?" అన్నాడు ఓబులేసు.

"ఆ రెండు గుట్టల కాడ నా ఎనకాలే ఉన్యాడు. లైటు కొట్టినాడు."

"అట్లయితే వస్తాడులే. టైరు పంచరేమో."

పంచరైతే తనే వేసుకోగలడు, సామాను వాడి దగ్గరే ఉంది. ఇంకాసేపు చూశాం. అప్పటికే చాలాసేపయింది. ఓబులేసు బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. ఇద్దరం బండ్లెక్కాం.

గుట్టల సందు దగ్గర వీరేష్ ఉండాలి. లేడు. తుప్పు కంప్రెసర్ దగ్గర లేడు. తప్పు చీలికల్లోకి కూడా కాస్త కాస్త దూరం పోయి గుంతల్లోకి తొంగిచూశాం. ఆ తొంగిచూడటాలు నాకు ఇప్పటికీ కలలో వస్తాయి. కింద ఏమీ కనబడనప్పుడు ఊపిరి తీసుకోవడం, మళ్ళీ ఇంకో గుంత. సరోజకు ఏం చెప్పాలన్నదే నా బుర్రలో తిరుగుతోంది. కూలీల గోడ దగ్గర కూడా లేడు.

మలుపు తిరిగి వంక ఒడ్డుకు రాగానే అవతల దిగుడులో బండి కనబడింది. పక్కకు పడి ఉంది. వీరేష్ దాని కింద ఉన్నాడు.

పలకల మీద ముందు చక్రం జారి, బండి ఎడమవైపుకు పడి, వాడి ఎడమకాలు ఇంజను గార్డుకూ రాతికీ మధ్య ఇరుక్కుపోయింది. తల పల్లం వైపు ఉంది. వీపు సంచిలోని నీళ్ళ గొట్టం నోటికి అందుతోంది, వాణ్ణి బతికించింది చాలావరకు అదే. పెట్రోలు కారి తొడ మీద చర్మం కమిలిపోయింది. ఫోను ట్యాంకు మీది సంచిలో, చెయ్యి అందనంత దూరంలో ఉంది. అందినా అక్కడ సిగ్నల్ లేదు. పసుపు లైటు పగిలి, తీగ తెగి, రాళ్ళల్లో పడి ఉంది.

మేము పరుగున దిగిపోతుంటే వాడు చెయ్యి చాపి ఆపాడు. గొంతు ఎండిపోయింది గానీ మాట నింపాదిగా ఉంది.

"మెల్లగ రాన్నా. బండి ముట్టుకోవాకండి. కదిలిస్తే జారుతుంది."

నిజమే. ఓబులేసు వంగి చూసి నాలుక కరుచుకున్నాడు. బండి బరువంతా ఒకే ఒక్క పలక మీద ఆగి ఉంది. ఆ పలక సగం ఒడ్డు బయటికి వేలాడుతోంది. వీరేష్ నొప్పికి తట్టుకోలేక ఒక్కసారి కాలు గుంజుకున్నా, బండిని నెట్టబోయినా, బండీ వాడూ కలిసి ఆ నిలువు లోతులో పడేవాళ్ళు. కాలు ఇరుక్కున్న మనిషి మొదట చేసే పని గుంజుకోవడమే. ఇన్ని ప్రమాదాలు చూశాను, గుంజుకోకుండా ఉన్నవాణ్ణి నేను చూడలేదు.

బండిని లాగే పట్టీ తీసి, పైనున్న రాతిగుండుకు కట్టి ముందు బండిని బిగించాం. తర్వాత ఓబులేసు ట్రాక్టరు కోసం పల్లెకు పోయాడు. నేను వీరేష్ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వాడు ఏడవలేదు, తిట్టలేదు. ఇంతసేపు యాడికి పోతివని అడగలేదు. అది నాకు ఆశ్చర్యంగా అనిపించింది గానీ, దెబ్బ తగిలినవాళ్ళు ఒక్కోసారి అట్లాగే ఉంటారని సరిపెట్టుకున్నాను.

ట్రాక్టరు వచ్చింది, గొలుసు వచ్చింది, నలుగురు మనుషులు వచ్చారు. బండిని పైకి లాగి కాలు తప్పించాం. అప్పుడు మాత్రం వాడు అరిచాడు. ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి పడుకోబెట్టాం. అంబులెన్సుకు ఫోను చెయ్యడానికి సిగ్నల్ కావాలని నేను నడుచుకుంటూ మలుపు ఎక్కాను.

ఫోను మాట్లాడాక అక్కడే నిలబడి దుమ్ములోకి చూశాను. నాకప్పటికి తెలిసింది ఒక్కటే. వీరేష్ వంక కూడా దాటలేదు. నేను అద్దంలో చూసిన మూడు చోట్లూ వంక దాటాక ఉన్నవే. అప్పటికి వాడు పడిపోయి ఉన్నాడు.

అడ్డదిడ్డంగా చూడటం నాకు రాదు, ఉద్యోగం అట్లా నేర్పించింది. ట్రాక్టరు జాడలు పక్కన పెట్టి, మిగిలినవి చూశాను. వెళ్ళిన బండ్ల జాడలు రెండు, తిరిగొచ్చినవి రెండు. ఓబులేసు మళ్ళీ పల్లెకు పోయి వచ్చిన జాడలు వాటి మీద ఉన్నాయి. అన్నీ ఓబులేసు టైర్లవి, నా టైర్లవి. వీరేష్ టైరు మీది రబ్బరు బుడిపెలు పెద్దవి, ఎడంగా ఉంటాయి, పొరపాటు పడే వీలు లేదు. అవి అక్కడ లేవు. వాడి టైరు గుర్తులు దిగుడు సగంలోనే ఆగిపోయాయి. ఫోటోలు తీసుకున్నాను. అవి ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి.

ట్రాక్టరు ఆయన్ను అడిగాను, ఈ పక్క ఇంకెవరైనా బండ్లేసుకుని తిరుగుతుంటారా అని.

"ఈ కొండకు ఎవరొస్తారప్పా? గనులు మూసేసినాక మేకలోళ్ళు కూడా రారు. మీ మాదిరి పనిలేనోళ్ళు వస్తే రావల్ల."

వీరేష్‌ను నంద్యాలకు, అక్కడినుంచి కర్నూలుకు తీసుకుపోయారు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. మొదటి రెండు రోజులు కాలు ఉంటుందో పోతుందో చెప్పలేమన్నారు. తర్వాత కాలు నిలబడుతుందని, కానీ మునుపటిలా నడవడం కష్టమని చెప్పారు. సరోజ పిల్లలను పుట్టింట్లో వదిలి వచ్చి ఆసుపత్రిలోనే ఉండిపోయింది. నాతో మర్యాదగానే ఉంది, కానీ కళ్ళెత్తి చూడటం లేదు. నామీద కోపం ఉండటం న్యాయమే అనుకున్నాను. వెనక్కి తిరిగి చూసుకుంటానని చెప్పినవాణ్ణి కదా.

అసలు కారణం అది కాదని వారం తర్వాత తెలిసింది. ఆ రోజు వీరేష్ కాస్త తేరుకుని దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. సరోజ మందులకు పోయింది. వాడు నెమ్మదిగా అడిగాడు.

"అన్నా, నాకేం కోపం లేదు. ఒక్క మాట అడుగుతా. అంతసేపు ఆ మలుపులో నిల్చుకోని చూస్తాంటివి గదా. యాలన్నా దిగి రాకపోతివి?"

నాకు అర్థం కాలేదు. ఏ మలుపు అన్నాను.

"వంక అవతల. పైన."

వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. బండి పడిన కాసేపటికి, కాలు గుంజుకుందామని వాడు చేతులు ఆనించి లేవబోయాడు. అప్పుడే అవతలి ఒడ్డు మలుపులో లైటు కనబడింది. వాడి వైపుకే తిరిగి ఉంది. నా బండి లైటుకు రాళ్ళు తగలకుండా ఇనప జాలీ ఉంటుంది, అందువల్ల దూరంనుంచి చూస్తే వెలుగు గళ్ళుగళ్ళుగా కనబడుతుంది. అదే లైటు. నేను సైడు స్టాండు వేసి, బండికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. హెల్మెట్ తియ్యలేదు.

వీరేష్ ఎడమ చెయ్యి పైకెత్తాడు. లైటు రెండుసార్లు మిణికింది. అన్న చూశాడు, ఇంక భయం లేదు అనుకున్నాడు. లేవబోయినవాడు మళ్ళీ పడుకున్నాడు. అన్న అక్కడ నిలబడ్డాడంటే ఓబులేసన్న ట్రాక్టరు కోసమో తాడు కోసమో పోయి ఉంటాడు, కదలకుండా ఉండమని నాకు చెబుతున్నాడు అనుకున్నాడు. భయమేసినప్పుడల్లా తల తిప్పి చూశాడు. చూసినప్పుడల్లా నేను అక్కడే ఉన్నాను. పిలిస్తే మాత్రం పలకలేదు.

"పిలిచి పిలిచి గొంతు పోయిందన్నా," అన్నాడు. "నువ్వు ఊఁ అనింటే చాలు."

నేను అక్కడ లేనురా, పల్లెలో టీ తాగుతున్నాను, ఓబులేసును అడుగు అన్నాను. నా మాటలు నాకే అబద్ధంలా వినబడ్డాయి. ఇట్లాంటి గొంతుతో మాట్లాడిన డ్రైవర్లను నేను ఎంతమందిని చూశానో. వాడు వాదించలేదు. సరేలెన్నా అన్నాడు.

నా అద్దంలో కనబడిన లైటు సంగతి అప్పుడు చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు. విని, పాపం అన్నట్టు నా వైపు చూశాడు. తప్పించుకోవడానికి నేను కట్టుకున్న కథ అనుకున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో సరోజ నా దగ్గరికి వచ్చింది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"భయపడింటే భయపడితినని చెప్పన్నా. ఆ లోతు చూస్తే ఎవురికైనా కాళ్ళు రావు. మేమేం అనుకోము. నువ్వు లేనే లేవని మాత్రం అనొద్దు."

ఇరవై ఏళ్ళలో నన్ను చాలామంది తిట్టారు, ఇద్దరు కొట్టబోయారు కూడా. ఏదీ ఇంత లోపలికి దిగలేదు. ఆమె నాకు జాలితో ఒక దారి చూపిస్తోంది. ఆ దారిలో పోతే అందరికీ మనశ్శాంతి. కానీ నేను భయపడి నిలబడిపోలేదు. నేను అక్కడ లేను. ఆ మాటే మళ్ళీ చెప్పాను. ఆమె తల ఊపి లోపలికి పోయింది.

ఓబులేసు వచ్చి వాళ్ళకు సాక్ష్యం చెప్పాడు. టీ అంగడి ఆయన చేత ఫోనులో మాట్లాడించాడు కూడా. వాళ్ళు కాదనలేదు. కాదనకపోవడం వేరు, నమ్మడం వేరు.

ఎముకల డాక్టరును మెల్లగా కదిలించి చూశాను. ఎండ, నొప్పి, రక్తం పోవడం, ఈ మూడూ కలిస్తే మనసు ఒక మనిషిని తయారుచేసుకుంటుంది, అట్లాంటివి తాను విన్నానని చెప్పాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది. వీరేష్ సంగతి దాంతో తేలిపోతుంది. కానీ నా సంగతి? నాకు నొప్పి లేదు, రక్తం పోలేదు, వీపు సంచిలో సగం నీళ్ళు మిగిలే ఉన్నాయి. పైగా నేను చూసింది వాడికంటే ముందా వెనకా అన్నది కూడా తేలదు. బహుశా ఇద్దరం ఒకే సమయానికి చేతులెత్తి ఉంటాం.

నెల తర్వాత ఒక్కణ్ణే మళ్ళీ అక్కడికి పోయాను. అదే వేళకు పోయాను. పాలిష్ రాయి ఏదైనా ఎండకు మెరిసి ఉంటుందా అని వెతికాను. కొండ మీద ఉన్నవన్నీ మట్టి పట్టిన పచ్చి పలకలు, గాజుపెంకు కూడా లేదు. కూలీల గోడ దగ్గర బండి నిలిపి అద్దంలో చూశాను. వీరేష్ పడిన చోట కూర్చుని పైకి చూశాను. ఎక్కడా ఏమీ మెరవలేదు.

తర్వాత మలుపులో నిలబడ్డాను. అప్పుడు గానీ ఒక సంగతి నాకు తట్టలేదు. వీరేష్ పడిన దిగుడుకూ, నేను ఆగిన గోడకూ మధ్య ఉన్నది ఆ మలుపు ఒక్కటే. అక్కడ నిలబడినవాడికి రెండు పక్కలా రెండూ కనబడతాయి. నేను వాడి లైటు మొదట చూసిందీ అక్కడే, వాడు నా లైటు చూసిందీ అక్కడే. నన్ను అటు పంపించేసి, వాణ్ణి ఇటు కదలకుండా ఆపింది ఒక్కటేనా? మంచి చేసిందా, చెడు చేసిందా? నేను వెనక్కి తిరిగి పోయి ఉంటే వాడు అంతసేపు ఎండలో పడి ఉండేవాడు కాదు. లేదంటే నేను కంగారుగా పరుగెత్తి, ఒక్కణ్ణే బండి లేపబోయి, ఇద్దరం లోతులో పడి ఉండేవాళ్ళం. రెండూ జరగగలిగినవే. ఎక్కువసేపు అక్కడ నిలబడలేకపోయాను.

వీరేష్ ఇప్పుడు నడుస్తున్నాడు. కొంచెం కుంటుతాడు, మెట్లు ఎక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుంటాడు. డ్యూటీలో చేరాడు. బండి అమ్మేశాడు. నేనూ ఓబులేసూ ఇంకా పోతున్నాం గానీ లైటును చూసి కదలడం మానేశాం. వెనకవాడు పక్కకు వచ్చి ఆగి, హెల్మెట్ అద్దం ఎత్తి మొహం చూపిస్తేనే ముందుకు పోతాం. దానివల్ల దుమ్ము చాలా తింటున్నాం.

మొన్న రంజాన్‌కు సేమియా తీసుకుని ఎర్రగుంట్ల పోయాను. సరోజ టీ పెట్టింది, పిల్లలను పిలిచి నాకు దండం పెట్టమంది. మా నాయనను కాపాడినాడని పెద్దమ్మాయి బడిలో చెప్పుకుంటుందట. నేను వద్దనబోయాను. వీరేష్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీన్నా. ఓబులేసన్న చెప్పినాడు, టీ అంగడాయప్ప చెప్పినాడు, నువ్వు పల్లెలో ఉంటివని. సరే. అయితే నిన్ను చూసుకుంటానే నేను కదలకుండా ఉన్యా. నువ్వు కాకపోతే ఇంగ నేను ఎవరికి మొక్కల్ల?"

వాళ్ళు పెట్టే దండం నాది కాదు. దిగి రాలేదన్న నింద కూడా నాది కాదు. రెండూ నా నెత్తిమీదే ఉన్నాయి. టీ తాగి వచ్చేశాను.

ఇది రాద్దామనుకున్నప్పుడు వాడికి ఫోను చేశాను. నీ పేరు పెట్టొచ్చా, జరిగినదంతా రాయొచ్చా అని అడిగాను. వెనక కంట్రోల్ రూములో మిషన్ల చప్పుడు వినబడుతోంది.

"అంతా రాయన్నా. నా కాలు సంగతి రాయి, నేను అర్సింది రాయి, ఏమన్నా రాయి. నువ్వు ఆడ లేవని మాత్రం రాయొద్దు."

సరేనని ఫోను పెట్టేశాను. కానీ వీరేష్, నేను అక్కడ లేను. ఎవరున్నారో నాకు తెలియదు.